కెమెరా లేని గది

అది రెండు వేల ఇరవై మూడు, వానాకాలం. నానక్‌రామ్‌గూడలో ఒక పిల్లల ఆసుపత్రిలో, కిడ్నీ, మూత్రం సమస్యలు చూసే విభాగంలో నేను నర్సును. మా గది రెండో అంతస్తులో కారిడార్ చివర ఉంటుంది. తలుపు మీద ‘యూరోఫ్లో’ అని రాసి ఉంటుంది. ఆ మాట చదివి లోపల ఏదో పెద్ద మిషను ఉందనుకొని తల్లులు పిల్లల చేతులు గట్టిగా పట్టుకుంటారు. తీరా లోపలికొస్తే కింద గరాటు అమర్చిన ఒక కుర్చీ, పక్కన ఒక కంప్యూటర్, అంతే. బిడ్డ ఆ కుర్చీలో కూర్చొని మామూలుగా మూత్రం పోస్తే చాలు. ధార ఎలా వచ్చింది, మధ్యలో ఎక్కడ ఆగింది అన్నది తెర మీద గీతగా పడుతుంది. సూది లేదు, నొప్పి లేదు.

ఈ పని చెప్పుకోవడానికి మొదట్లో నాకు సిగ్గుగా ఉండేది. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. పెళ్లి భోజనాల దగ్గర ఎవరైనా “హైదరాబాదులో ఏం చేస్తున్నావే?” అంటే ఆపరేషన్ థియేటర్లో అని కోతలు కోసేదాన్ని. పిల్లల చేత ఉచ్చ పోయిస్తాను అంటే పప్పు వడ్డించేవాడు కూడా నవ్వుతాడు కదా. ఇప్పుడు ఉన్నదున్నట్టు చెబుతాను. ఈ కుర్చీ పక్కన నిలబడి నేను చూసినంత, థియేటర్లో నిలబడినవాళ్లు కూడా చూడలేదనుకుంటాను.

ఆద్య కేసు గురించి చెప్పాలి. పేర్లు మార్చాను. వాళ్లమ్మ రమ్య హన్మకొండ అమ్మాయి, రాయదుర్గంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. భర్తకు రాత్రి షిఫ్టు, పగలంతా నిద్ర. ఆమెకు తల్లి లేదు. ఇంట్లో పెద్దదిక్కు ఎవరూ లేరు కాబట్టి ఆద్యను పసితనం నుంచీ కోకాపేటలో ఒక డేకేర్‌లో వదిలి ఉద్యోగానికి వెళ్తోంది. ఆ డేకేర్‌లోనే యూకేజీ దాకా బడి కూడా. పొద్దున వదిలితే మళ్లీ సాయంత్రం చీకటి పడేవేళకు తీసుకెళ్లడం. ఆ ఏడు ఆద్య యూకేజీ. అప్పటికే చలిజ్వరంతో యూరిన్ ఇన్‌ఫెక్షన్ చాలాసార్లు వచ్చింది. మందు వాడితే తగ్గడం, నెల తిరక్కుండా మళ్లీ రావడం. అందుకని మా విభాగం డాక్టరమ్మ ఈ గదికి పంపింది.

ఆ పిల్లను చూడగానే నాకు నచ్చింది. రాగానే “గుడ్ మార్నింగ్ సిస్టర్, నా పేరు ఆద్య, నాకు ఐదున్నర” అని చెయ్యి చాపింది. మా గదికి వచ్చే పిల్లల్లో సగం మంది అమ్మ చున్నీ వెనక్కి దూరిపోతారు. ఈమె నా కుర్చీ ముందు నిలబడి, గరాటు ఎందుకని, కంప్యూటర్‌లో గీత ఎలా వస్తుందని నన్నే ఇంటర్వ్యూ చేసింది. రమ్య ముఖం వెలిగిపోయింది.

“మా అమ్మ నన్ను నోరెత్తనియ్యలేదు సిస్టర్. ఆడపిల్లవు, మెల్లగ మాట్లాడు, మెల్లగ నడువు అని. నా బిడ్డను గట్ల పెంచొద్దని డిసైడ్ అయిన. దానికి నో అంటే నో. డేకేర్‌ల కూడా చెప్పిన, అది వద్దంటే ఎవ్వరూ బలవంతం చేయొద్దని.”

ఆవిడ తల్లిగా చెయ్యాల్సినవన్నీ చేసింది. నేను అడగబోయే ప్రతి ప్రశ్నకూ ముందే జవాబు తెచ్చుకుంది. నూలు లోదుస్తులు, పూటపూటకూ పెరుగు, ఇంట్లో చక్కెర డబ్బా లేదు, బిస్కెట్ ప్యాకెట్ లేదు, జొన్న ఇడ్లీ, రాగి దోసె. కడుక్కోవడం ముందు నుంచి వెనక్కి అని పాపకు పాటలా నేర్పింది. డేకేర్‌లో బాత్రూమ్‌లు స్వయంగా వెళ్లి చూసొచ్చింది. నీళ్ల ఫిల్టర్ మార్పించింది. “ఇంకేం చేయాలె చెప్పండి సిస్టర్, చేస్త” అంది.

ఫోను తీసి నాకు ఒక వీడియో కూడా చూపించింది. ఆ డేకేర్‌లో ప్రతి గదికీ కెమెరా ఉంది. తల్లిదండ్రులు ఆఫీసులో కూర్చొని యాప్‌లో పిల్లల్ని చూసుకోవచ్చు. ఈ చుట్టుపక్కల డేకేర్‌లు చాలావాటికి అదే పెద్ద ఆకర్షణ. వీడియోలో ఆద్య తన నీళ్ల సీసా మూత తీసి, కిటికీ పక్క మొక్కల కుండీల్లో వంచి వంచి నీళ్లు పోస్తోంది. “ఎవరూ చెప్పలే. రోజూ అదే పోస్తది, దానికదే” అని మురిసిపోయింది రమ్య. నేనూ మురిశాను. మా అమ్మాయికి ఇంటర్ చదివే వయసొచ్చింది, హాస్టల్ నుంచి ఇంటికొస్తే పూలకుండీ వంక కూడా చూడదు.

ఒక్కటే నాకు తేడాగా కనిపించింది. మేం మాట్లాడుతుంటే ఆద్య నేల మీద ఒక కాలు మడిచి, ఆ మడమ మీద బరువంతా వేసి కూర్చుంది. కదలకుండా, పెదవులు బిగించి. మా పనిలో ఉన్నవాళ్లకు ఆ కూర్చోవడం తెలుసు. తన్నుకొచ్చే మూత్రాన్ని ఆపుకోవడానికి చిన్నపిల్లలు మడమతో అదిమి పట్టుకుంటారు. “సుస్సు వస్తోందా బంగారం?” అన్నాను. “లేదు” అని నవ్వింది. పొట్ట మీద స్కానింగ్ పెట్టి చూస్తే మూత్రసంచి నిండి పగిలేలా ఉంది.

కుర్చీలో కూర్చోబెడితే చాలాసేపు రాలేదు. వచ్చింది కూడా చుక్క చుక్కలుగా, ఆగి ఆగి. ఆరోగ్యంగా ఉన్న పిల్ల అయితే గీత గుడిగంట ఆకారంలో ఒకే ఊపున లేచి దిగుతుంది. ఆద్యది రంపపు పళ్లలా వచ్చింది. అయిపోయిందని లేచాక మళ్లీ స్కాన్ చేస్తే సంచిలో సగం అలాగే ఉంది. దీన్ని మేం ‘రెసిడ్యువల్’ అంటాం, లోపల మిగిలిపోయిన మూత్రం. అది నిలవ ఉండి క్రిములు పెరుగుతాయి. రోజూ గంటల తరబడి బిగబట్టే పిల్లల్లో ఆ ఒత్తిడికి మూత్రం వెనక్కి, కిడ్నీల వైపు తన్నుతుంది. డాక్టరమ్మ అదే చెప్పి, రెండు గంటలకోసారి తప్పకుండా బాత్రూమ్‌కు పంపమంది. ఆ సాయంత్రమే రమ్య పాపకు వేళకు సన్నగా మోగే వాచీ కొన్నది.

నెల తిరిగేసరికి మళ్లీ జ్వరం. ఈసారి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. సెలైన్ పెట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకొని కూడా ఆ పిల్ల వచ్చే పోయే నర్సులకు థాంక్యూ చెబుతూనే ఉంది. రమ్య మాత్రం కోపంతో మండిపోతోంది. డేకేర్‌కు ఫోన్ చేసి అరిచిందట. వాళ్లు, “మేడమ్, వాచీ మోగినప్పుడల్లా మేం అడుగుతున్నం. పాప నో అంటది. నో అంటే బలవంతం చేయొద్దని మీరే చెప్పిన్రు కదా” అన్నారట. ఆ మాట నాకు చెప్పి రమ్య మంచం అంచున కూర్చుంది. “నో చెప్పుడు నేనే నేర్పిన సిస్టర్. దాని బాడీకి అదే నో చెప్తుంటే నేనేం చేయాలె?”

జ్వరం తగ్గాక మళ్లీ మా గదికి వచ్చారు. ఈసారి బయోఫీడ్‌బ్యాక్ అనే శిక్షణ. కడుపు కింది కండరాలు ఎప్పుడు బిగుసుకున్నాయో, ఎప్పుడు వదులయ్యాయో తెర మీద బొమ్మలా చూపించి, వదలడం నేర్పిస్తాం. బిగబట్టడం అలవాటైన పిల్లలు వదలడం మరిచిపోతారు. మళ్లీ నేర్పాలి. మధ్యలో రమ్యకు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. “టూ మినిట్స్ సిస్టర్” అని కారిడార్‌లోకి వెళ్లింది.

ఆద్య కుర్చీలో కూర్చొని తల పైకెత్తింది. ఒక మూల చూసింది. ఇంకో మూల చూసింది. ఫ్యాన్ వంక చూసింది.

“ఏం వెతుకుతున్నావమ్మా?”

“ఇక్కడ కెమెరా ఏడుంది?”

పాపం, ఎవరైనా చూస్తారని సిగ్గుపడుతోంది కాబోలు, అందుకే రావట్లేదు కాబోలు అనుకున్నాను. దగ్గరికి వెళ్లి, “కెమెరా లేదు తల్లీ. ఈ గదిలో ఎవరూ చూడరు. నువ్వు హాయిగా పోసుకోవచ్చు” అన్నాను.

ఆ పిల్ల ముఖం నా కళ్లముందే మారిపోయింది. అంతవరకు ఉన్న ధీమా అంతా పోయి, ఐదున్నరేళ్ల పసిపిల్ల అయిపోయింది.

“మరి అమ్మకు నేనెట్ల కనబడత?”

“అమ్మ బయటే ఉంది కదమ్మా.”

“కనబడకపోతే అమ్మ పరేషాన్ అయితది. ఉరికొస్తది. ఏడుస్తది.” తర్వాత తనకు తానే చెప్పుకుంటున్నట్టు, “డేకేర్ బాత్రూమ్‌ల కెమెరా ఉండది. అందుకే నేను పోను. రెడ్ మ్యాట్ మీద కూసుంటే మంచిగ కనబడత. నీళ్లు తాగితే సుస్సు వస్తది. అందుకే చెట్లకు పోస్త.”

నేను ఆ కుర్చీ పక్కనే నేల మీద కూర్చుండిపోయాను. ఆ మొక్కల వీడియో చూసి మురిసిన తల్లి గుర్తొచ్చింది. ఎందుకింత భయం పట్టుకుందో మెల్లగా అడిగాను. చెప్పింది. ఒకరోజు కడుపు పాడై, విరేచనాలై, బాత్రూమ్‌లో చాలాసేపు ఉందట. సుగుణక్క అనే ఆయా కడిగి బట్టలు మారుస్తోందట. ఇంతలో అమ్మ పరుగెత్తుకొచ్చి అరిచిందట, తనను గట్టిగా పట్టుకొని ఏడ్చిందట. మర్నాటి నుంచి సుగుణక్క రాలేదు.

“సుగుణక్కను పంపించిన్రు. నేను బాత్రూమ్‌కు పోయిన కదా, అందుకే. ఇప్పుడు నేను పోను. ఇగ ఎవర్నీ పంపియ్యరు.”

చెప్పేసి నా వంక చూసింది. ఏడుపు లేదు. పెద్దవాళ్లు ఇంటి బాధ్యత చెప్పుకున్నట్టు చెప్పింది. అమ్మ భయం, ఆయా ఉద్యోగం, రెండూ ఆ పిల్ల తన మూత్రసంచిలో మోస్తోంది. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. పదేళ్లకు పైగా ఈ పనిలో ఉండి పిల్లల ముందు కళ్లు తుడుచుకోవడం అదే మొదలు.

డాక్టరమ్మతో మాట్లాడాను. పాపను ఆటల గదిలో కూర్చోబెట్టి ఇద్దరం రమ్యకు చెప్పాం. వినగానే ఆమె మొదట నమ్మలేదు. “ఇంపాసిబుల్. దానికి గంత ఆలోచన ఎక్కడిది?” అంది. తర్వాత కోపమొచ్చింది. “అంటే నేను చూసుకోవద్దా? రోజూ న్యూస్‌ల ఏమేం వింటున్నం? నాకు అమ్మ లేదు, అత్త రాదు, ఆయన నిద్రపోతడు. ఆ ఫోన్‌ల దాన్ని చూస్కుంటనే నేను ఉద్యోగం చేసిన. లేకపోతే ఎప్పుడో మానేస్తుంటి.” నిజమే చెప్పింది. కాన్పు సెలవు అయిపోయాక చంకలోని బిడ్డను ఎవరి చేతిలోనో పెట్టి లిఫ్టెక్కిన ప్రతి తల్లికీ ఆ ఫోను ఎంత అవసరమో నాకు తెలుసు. మా అమ్మాయిని హాస్టల్లో వేసినప్పటి నుంచి నేను రోజూ తిన్నావా అని అడగకుండా నిద్రపోను.

కోపం దిగాక రమ్యే మెల్లగా అంది. “ఆ రోజు మీటింగ్‌ల ఉన్న. ఫోన్ చూస్తే ఏ రూమ్‌లనూ లేదు. కాల్ చేస్తే ఎవరూ ఎత్తలే. ఆటోల పోయిన, దారంత దేవునికి మొక్కుకుంట. పోయేసరికి బాత్రూమ్‌ల ఉంది. భయంల ఏమేమో తిట్టిన. పేరెంట్స్ గ్రూప్‌ల కూడా పెట్టిన, ఆయాలు పిల్లల్ని ఎక్కడికో తీస్కపోతున్రని. ఆ సుగుణను తీసేసిండ్రు.” చేతుల్లో ముఖం పెట్టుకుంది. “ఆమె నా బిడ్డకు కడుగుతుండె సిస్టర్. అంతే.”

తర్వాత డీఎమ్మెస్సే స్కాన్ చేయించారు. నరంలోకి ఒక మందు ఎక్కించి తీసే ఫొటో అది. కిడ్నీలో ఏ భాగం పనిచేస్తోందో, ఏ భాగం చచ్చుబడిందో చూపిస్తుంది. ఆద్య ఎడమ కిడ్నీ పైభాగంలో మచ్చలు పడ్డాయి. మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్ వచ్చి మిగిల్చిపోయిన మచ్చలవి. మందులు వాడితే కొత్తవి పడకుండా ఆపవచ్చు గాని, పడ్డవి పోవు. ఇకమీదట జీవితాంతం బీపీ చూసుకుంటూ ఉండాలి. పెద్దయ్యాక కడుపుతో ఉన్నప్పుడు మరీ జాగ్రత్తగా ఉండాలి. డాక్టరమ్మ ఎంత నెమ్మదిగా చెప్పినా ఆ చివరి మాట దగ్గర రమ్య తట్టుకోలేకపోయింది. ఐదున్నరేళ్ల పిల్ల కాన్పు గురించి ఇప్పుడే బెంగపడాల్సి వచ్చిన తల్లిని నేను అంతకుముందు చూడలేదు.

ఆ రోజే, మా ముందే, ఆద్యను ఒళ్లో కూర్చోబెట్టుకొని ఫోన్‌లోంచి ఆ యాప్ తీసేసింది. “చూడు బిడ్డా, పోయింది. ఇగ అమ్మ చూడదు. నువ్వు ఎప్పుడంటే అప్పుడు బాత్రూమ్‌కు పోవచ్చు” అంది.

ఆద్య ఫోన్ వంక చూడలేదు, వాళ్లమ్మ ముఖం వంక చూసింది. “మరి నీకు భయమైతే?” అంది.

“కాదు నాన్నా.”

“అయితది” అంది ఆద్య.

అక్కడే మాకు అసలు కష్టం మొదలైంది. యాప్ పోయినా ఆ పిల్ల బిగబట్టడం మానలేదు. నీళ్ల సీసా బరువు చూస్తే నీళ్లు తాగడం లేదని తెలుస్తూనే ఉంది. రమ్య కొన్నాళ్లు సెలవు పెట్టి డేకేర్‌లోనే, బాత్రూమ్ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని ల్యాప్‌టాప్‌తో కూర్చుంది. అలా అయితే ఆద్య వెళ్లేది. ఆమె లేని రోజు మళ్లీ మామూలే. సుగుణక్కను ఒకసారి కలిపిస్తే, నీ వల్ల కాదమ్మా అని ఆమె నోటితో చెప్పిస్తే పిల్ల మనసు తేలికపడుతుందని నేనన్నాను. రమ్య వెతికింది. డేకేర్ వాళ్లిచ్చిన నంబర్ పనిచేయలేదు. ఆమె కిరాయికున్న గది దాకా వెళ్తే ఖాళీ చేసి వెళ్లిపోయారన్నారు, ఎక్కడికో ఎవరికీ తెలియదు. ఆద్యకు ఏం చెప్పాలని నన్నడిగింది. చివరికి నిజమే చెప్పిందట, “సుగుణక్కను పంపించింది నువ్వు కాదు, నేను. నేను తప్పు చేసిన” అని. ఆద్య విని, “అయితే సారీ చెప్పినవా?” అని అడిగిందట. సారీ చెప్పడానికి సుగుణ దొరకలేదని ఆ పిల్లకు ఎలా చెప్పాలి?

అయినా మెల్లమెల్లగా మార్పు వచ్చింది. ఒకటో తరగతికి వేరే బడిలో వేశారు. వారం వారం మా గదికి వచ్చి తెర మీద బొమ్మలు చూస్తూ కండరాలు వదలడం నేర్చుకుంది. ఏడాది గడిచేసరికి గీత గంటలా రావడం మొదలైంది. ఆ రోజు డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. రమ్య నవ్వింది గాని, స్కాన్ ఫిల్మ్ ఉన్న సంచీ చంకలోంచి తీయలేదు.

మొన్న బీపీ చూపించుకోవడానికి వచ్చారు. ఆద్యకు ఎనిమిదో ఏడు. జుట్టు పొడుగైంది, ముందు పళ్లు కొత్తవి వచ్చాయి, మాట అదే ధీమా. “సిస్టర్, మీ బాత్రూమ్ వాడుకోవచ్చా?” అని అడిగి తనే వెళ్లి గడియ పెట్టుకుంది. నేను లోలోపల దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. ఇంతలో లోపలి నుంచి కేక వినిపించింది.

“అమ్మా, ఉన్నా!”

“సరే బిడ్డా.”

కాసేపటికి మళ్లీ. “అమ్మా, ఈడనే ఉన్నా! అయిపోవచ్చింది!”

“మెల్లగ రా నాన్నా, తొందర లేదు.”

రమ్య గోడకు ఆనుకొని నిలబడి ఉంది. నా వైపు తిరిగి గొంతు తగ్గించి చెప్పింది. “ఇంట్ల కూడా గిట్లనే సిస్టర్. బళ్లె ఏం చేస్తదో తెల్వదు. పిలవకున్నా నాకేం భయం కాదని వందసార్లు చెప్పిన. వినది. నేను అబద్ధం చెప్తున్నని దానికి తెలుసు.”

ధైర్యమున్న ఆడపిల్లను పెంచాలనుకుంది. పెంచింది కూడా. అయితే ఆ ధైర్యమంతా పిల్ల తల్లి కోసమే ఖర్చు పెడుతోంది.

అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్న ప్రతి పిల్లనూ “నీకు భయమేస్తోందా?” అని అడిగేదాన్ని. ఆద్య నవ్వుతూ లేదనే చెప్పింది, నిజంగానే దాని కోసం దానికి భయం లేదు. ఇప్పుడు తల్లిదండ్రుల్ని కాసేపు బయట కూర్చోమని, వేరే ప్రశ్న అడుగుతున్నాను. “నువ్వు బాత్రూమ్‌లో ఉన్నప్పుడు బయట ఎవరు భయపడతారు?” చాలామంది పిల్లలు ఇదేం ప్రశ్న అన్నట్టు చూస్తారు, నవ్వుతారు, దయ్యం అంటారు, మా కుక్క అంటారు. వాళ్లతో నాకు బెంగ లేదు. అడిగీ అడగకముందే “అమ్మ” అని చెప్పే పిల్లలు అప్పుడప్పుడూ వస్తారు, ఎక్కువగా ఆడపిల్లలే. వాళ్ల విషయంలో మాత్రం మచ్చలు పడేదాకా ఆగను. తిన్నగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, ఈ పాపకు కిడ్నీ స్కాన్ ఇవాళే చేయిద్దాం మేడమ్ అంటాను.